గ్రీకు పెరుగు: పాలు కాచడం నుంచి వంటలో కలిపేదాకా

గ్రీసులో పెరుగు కొనబోతే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీగడ కట్టిన పెరుగా, వడకట్టిన పెరుగా? మన ఊళ్లలో ‘గ్రీకు పెరుగు’ పేరుతో అమ్మేది రెండో రకం. దాన్ని అక్కడ ‘స్త్రంగిస్తో’ అంటారు, అంటే వడకట్టినది. మొదటిది మట్టి గిన్నెలో, చాలావరకు గొర్రెపాలతో తోడుపెట్టి, పైన పసుపుపచ్చని తరకతో అలాగే అమ్మే పెరుగు. ఆ తరకను ‘పేత్సా’ అంటారు. ‘సంప్రదాయ పెరుగు’ అని గ్రీకులు అంటే ఎక్కువగా దీన్నే ఉద్దేశిస్తారు. దీన్ని వడకట్టరు, అసలు కదపరు.

నేను గ్రీసులోని థెస్సలోనికి నగరంలో రెండేళ్లు ఉన్నాను. మా కింది వాటాలో ఉండే పెద్దావిడ వారానికి రెండుసార్లు పెరుగు మూట కట్టేవారు. సింకు కుళాయికి వేలాడే ఆ తెల్లటి మూట నుంచి చుక్క చుక్కగా తేట దిగుతుంటే మా అమ్మమ్మ ఇంట్లో జున్ను గుడ్డ గుర్తొచ్చేది. పద్ధతి ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. హైదరాబాదుకు తిరిగొచ్చాక మన పాలతో, మన ఎండలో చాలాసార్లు చేసి, కొలతలు సరిచేసుకున్నాను. ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా దారికొస్తుంది. ఈ పెరుగులో ఉన్న పనల్లా నీటిని అదుపులో పెట్టడమే. పాలలో నీరెంత, తేట ఎంత తీయాలి, కూరలో కలిపినప్పుడు నీరు విడవకుండా ఎలా చూడాలి అన్నవే అడుగడుగునా ఎదురయ్యే ప్రశ్నలు.

పాలు ఎంచుకోవడం

గొర్రెపాలలో వెన్న 6 నుంచి 7 శాతం ఉంటుంది, మాంసకృత్తులు 5 శాతం పైమాటే. ఆవుపాలలో వెన్న 3.5 నుంచి 4 శాతం, మాంసకృత్తులు 3.3 శాతం ప్రాంతంలో ఉంటాయి. అందుకే గొర్రెపాల పెరుగు వడకట్టకుండానే చెంచా నిలబడేంత గట్టిగా తోడుకుంటుంది. ఆవుపాల పెరుగుకు ఆ గట్టిదనం రావాలంటే నీరు తీయాల్సిందే.

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. మన గేదెపాలలో వెన్న దాదాపు 7 శాతం, మాంసకృత్తులు 4 శాతానికి అటూ ఇటూ ఉంటాయి. చిక్కదనంలో ఇవి ఆవుపాల కన్నా గొర్రెపాలకే దగ్గర. గ్రీకు మట్టి గిన్నె పెరుగుకు దీటైనది ఇక్కడ చేయాలంటే గేదెపాలను మించినవి లేవు. అవి దొరకకపోతే 6 శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ పాకెట్ పాలు తీసుకోండి. టోన్డ్ పాలతో కూడా వడకట్టిన పెరుగు చేయవచ్చు గానీ దిగుబడి తక్కువ, రుచిలో నునుపు తక్కువ. వెన్న తీసేసిన పాలతో చేసింది నోట్లో సుద్దలా తగులుతుంది. ఆ రకాన్ని వంటకు నేను వాడను.

2 లీటర్ల పాలతో మొదలుపెట్టండి. నాలుగైదు గంటలు వడకట్టాక సుమారు 900 గ్రాముల పెరుగు, లీటరు దాకా తేట వస్తాయి. గేదెపాలైతే పెరుగు ఇంకాస్త ఎక్కువే మిగులుతుంది.

కాచడం, చల్లార్చడం, తోడు వేయడం

పాలను అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి సన్నటి సెగ మీద పెట్టండి. పొంగు రావడంతోనే దించేయడం మన అలవాటు. ఇక్కడ అది చాలదు. పాలు 85 నుంచి 90 డిగ్రీల వేడిలో కనీసం పది నిమిషాలు ఉండాలి. థర్మామీటరు లేకపోతే, అంచుల వెంట చిన్న బుడగలు వస్తూ ఆవిరి లేస్తూ పొంగడానికి సిద్ధంగా ఉన్న స్థితిని సెగ తగ్గించి నిలబెట్టండి. చెక్క గరిటెతో అడుగు అంటకుండా తిప్పుతూ ఉండాలి.

ఈ పది నిమిషాలు సూక్ష్మజీవులను చంపడానికి మాత్రమే కాదు. పాలలో రెండు రకాల మాంసకృత్తులుంటాయి. కేసీన్ గడ్డకట్టి పెరుగవుతుంది. రెండో రకం మామూలుగా తేటలో కరిగి ఉంటుంది. పాలు 85 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంటే ఆ రెండో రకం విచ్చుకుని కేసీన్‌కు అతుక్కుంటుంది. అప్పుడు పెరుగు అల్లిక బిగువుగా తయారై, నీటిని పట్టి ఉంచుతుంది. సరిగా కాగని పాలతో తోడుపెట్టిన పెరుగు పలుచగా, ముక్కలు ముక్కలుగా రావడానికి కారణం ఇదే.

దించాక 43 నుంచి 45 డిగ్రీల దాకా చల్లారనివ్వండి. మనం తోడు వేసే గోరువెచ్చటి పాల కన్నా ఇది కాస్త ఎక్కువ వేడి. చిటికెన వేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలగాలి, కానీ చురుక్కుమన్నట్టు ఉండాలి. ఈ తేడా ఎందుకంటే, గ్రీకు పెరుగును తయారుచేసే సూక్ష్మజీవులు స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ రెండూ వెచ్చదనాన్ని ఇష్టపడేవి. మన ఇళ్లలో తరతరాలుగా నడిచే తోడులో వీటితో పాటు మామూలు వేడిలో పెరిగే ఇతర రకాలు కూడా ఉంటాయి. అందుకే మన పెరుగు రుచి వేరు, వాసన వేరు, కొన్నిసార్లు సాగుతుంది కూడా. ఇంటి తోడుతో వడకట్టిన పెరుగు తప్పకుండా వస్తుంది. గ్రీకు రుచే కావాలంటే మాత్రం మొదటిసారికి పాలు, కల్చర్ (తోడులోని సూక్ష్మజీవులు) తప్ప మరేమీ కలపని సాదా గ్రీకు పెరుగు డబ్బా ఒకటి కొని, దాన్నే తోడుగా వాడండి.

లీటరుకు 30 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు చాలు. తోడును ముందు ఒక గిన్నెడు పాలలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత మొత్తం పాలలో పోయండి. త్వరగా తోడుకుంటుందని ఎక్కువ వేయకండి. పులుపు ముందే వచ్చేస్తుంది, పెరుగు పలుకులుగా తయారవుతుంది.

గిన్నెకు మూతపెట్టి, మందపాటి దుప్పటి చుట్టి కదలకుండా ఉంచండి. 42 డిగ్రీల ప్రాంతంలో నిలిస్తే ఐదారు గంటల్లో తోడుకుంటుంది. మన వేసవిలో నాలుగో గంట నుంచే చూస్తూ ఉండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఓవెన్‌ను కాసేపు వెచ్చచేసి, ఆపేసి, అందులో పెట్టడం మేలు. గిన్నెను కొద్దిగా వంచితే పెరుగు అంచును వదిలి ఒకే ముద్దగా కదలాలి. అప్పుడు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి కనీసం నాలుగు గంటలు చల్లబడనివ్వండి. చల్లబడని పెరుగును మూట కడితే మెత్తటి పెరుగు గుడ్డలోంచి జారి తేటతో పాటు పోతుంది.

మూట కట్టడం

గ్రీకులు ఈ పనికి వాడే పలుచటి గుడ్డను ‘త్సందీలా’ అంటారు. పాత నూలు పంచె ముక్క దానికి సరిగ్గా సరిపోతుంది. సబ్బు వాసన లేకుండా వేడినీళ్లలో మరగబెట్టి, పిండి, తడిగానే వాడండి. పొడి గుడ్డ మీద పెరుగు అతుక్కుపోతుంది.

లోతైన గిన్నె మీద జల్లెడ పెట్టి, గుడ్డ రెండు పొరలుగా పరిచి, పెరుగును గరిటెతో పెద్ద పెద్ద ముక్కలుగా తీసి వేయండి. కలపకూడదు, గిలకకూడదు. నాలుగు మూలలూ దగ్గరకు తెచ్చి ముడి వేసి, మొత్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్దావిడ కుళాయికి వేలాడదీసేవారు గానీ, అది అక్కడి చలికాలం. మన వాతావరణంలో బయట నాలుగు గంటలుంటే పులిసిపోతుంది.

తొందరపడి మూటను చేత్తో పిండాలని అనిపిస్తుంది. మొదట్లో నేనూ పిండాను. పెద్దావిడ నా చెయ్యి పక్కకు తీసి, ముడిని ఇంకో మెలిక తిప్పి, మూటను దాని బరువుకే వదిలేశారు. పిండితే గుడ్డ కళ్లలోంచి పెరుగే బయటికొస్తుంది, కింద పాలలాంటి తెల్లనీళ్లు పడతాయి. సరిగా దిగే తేట పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో దాదాపు పారదర్శకంగా ఉంటుంది. రంగు చూస్తే చాలు, పని సరిగా సాగుతోందో లేదో తెలిసిపోతుంది.

రెండు గంటలకు మన గడ్డపెరుగు కన్నా కాస్త గట్టిగా ఉంటుంది. తేనె వేసుకుని తినడానికి నాకు ఈ దశే ఇష్టం. నాలుగు నుంచి ఆరు గంటలకు అసలైన స్త్రంగిస్తో సిద్ధమవుతుంది. చెంచాతో తీస్తే గుంట గుంటలాగే నిలిచి ఉంటుంది, అందులోకి నీరు ఊరదు. రాత్రంతా ఉంచితే రొట్టెకు రాసుకునే వెన్నలా తయారవుతుంది. మరీ గట్టిపడినా కంగారు లేదు, దిగిన తేటనే రెండు చెంచాలు కలిపి గిలకొడితే సరిపోతుంది. గుడ్డలోంచి తీశాక విస్కుతో ఒక నిమిషం గిలకొట్టండి, అప్పుడే ఆ పట్టులాంటి నునుపు వస్తుంది. తడిలేని గాజు సీసాలో, ఫ్రిజ్‌లో వారం రోజులు నిలుస్తుంది.

తేటను పారబోయకండి. చపాతీ పిండి కలపడానికి, చారులో నీళ్లకు బదులుగా, బియ్యం ఉడికించేటప్పుడు సగం నీళ్ల స్థానంలో వాడవచ్చు. దీన్ని కాచి పనీరులాంటిది తీద్దామని చూసేవారుంటారు. అంతగా ఏమీ రాదు. పాలు బాగా కాగినప్పుడే తేటలో ఉండాల్సిన మాంసకృత్తులు చాలావరకు పెరుగుకు అతుక్కుపోయాయి కదా. కాల్షియం మాత్రం కొంత ఈ తేటతోనే బయటికి వెళ్తుంది. పిల్లలకు ఈ పెరుగు పెట్టేవారు దాన్ని గుర్తుపెట్టుకుని తేటను కూడా వంటలో వాడడం మంచిది.

పేత్సా కట్టే పెరుగు

దీనికి హోమోజినైజ్ చేయని పాలు కావాలి. ఆ ప్రక్రియలో వెన్న చిన్న చిన్న కణాలుగా పగిలి పాలలోనే ఉండిపోతుంది, పైకి తేలదు. పాడి ఇంటి నుంచి వచ్చే గేదెపాలు శ్రేష్ఠం. కాచిన పాలను వేడిగా ఉండగానే వెడల్పాటి చిన్న మట్టి గిన్నెల్లో పోసి, కదపకుండా చల్లారనివ్వండి. పైన తరక కడుతుంది. తగిన వేడికి వచ్చాక తోడును కొద్ది పాలలో పలుచగా కలిపి, తరకను ఒక అంచున చిన్న చెంచా మొనతో తొలిచి, ఆ రంధ్రం గుండా కిందికి నెమ్మదిగా వదలాలి. సిరంజీతో వదిలేవారూ ఉన్నారు. తరక చెదరకుండా తోడుకోవడమే ఇందులోని నేర్పు. థెస్సలోనికి కపాని మార్కెట్లో కొన్న ఈ గిన్నె పెరుగును మొదటిసారి చెంచాతో తెరిచినప్పుడు పైన తరక తోలులా ముడుచుకుంది, కింద పెరుగు పింగాణీ ముక్కలా నిగనిగలాడింది. కొత్తగా కొన్న మట్టి గిన్నెను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి వాడండి, లేకపోతే మట్టి వాసన పట్టేస్తుంది.

డబ్బా కొనేవారికి

వడకట్టిన పెరుగును ప్రపంచానికి పరిచయం చేసినవాటిలో ఏథెన్స్‌లో 1926లో పాల దుకాణంగా మొదలైన ఫాయే సంస్థ ఒకటి. అమెరికాలో ఈ పెరుగుకు గిరాకీ తెచ్చిన చొబానీని స్థాపించినవారు టర్కీ నుంచి వెళ్లిన హమ్దీ ఉలుకాయా. ఈ రెండు సంస్థలూ పేరు మీద కోర్టుకెక్కాయి. గ్రీసులో తయారు కాని పెరుగును బ్రిటన్‌లో ‘గ్రీకు పెరుగు’ అని అమ్మకూడదని 2013లో ఇంగ్లండ్ హైకోర్టు తీర్పు చెప్పింది. గ్రీసు బయట తయారైన పెరుగు డబ్బాల మీద అక్కడ ‘గ్రీకు తరహా’ అని కనిపిస్తుంది. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న మన పిల్లలు డబ్బా వెనక చదివితే చాలు. పాలు, కల్చర్ తప్ప మరేమీ ఉండకూడదు. పిండి పదార్థమో, జెలటిన్ లేదా పాలపొడో కనిపిస్తే ఆ గట్టిదనం వడకట్టడం వల్ల మాత్రమే వచ్చింది కాదు. జెలటిన్‌తో వచ్చినదైతే వేడి తగలగానే జారిపోతుంది.

వంటలో

బయటి దేశాల్లో దీన్ని పళ్లతో, చక్కెరతో తినే ఉపాహారంగా చూస్తారు. గ్రీకు ఇంట్లో దీని ముఖ్యమైన చోటు భోజనపు పళ్లెం పక్కన, మన పెరుగు లాగే. బియ్యం కూరి వండిన టమాటాలు, క్యాప్సికంలైన యెమిస్తాకు, పాలకూరతో ఉడికించిన అన్నమైన స్పనకోరిజోకు, ద్రాక్షాకుల్లో చుట్టిన దోల్మాదెస్‌కు, గుమ్మడి జాతికి చెందిన జుకినీ వడలకు పక్కన ఒక పెద్ద చెంచా పెరుగు ఉంటుంది. ఉప్పు కూడా వేయరు. వేడి వేడి కూర పక్కన చల్లటి గట్టి పెరుగు, నీరు విడిచి పళ్లెమంతా పారకుండా నిలబడాలి. మన పాలకూర పప్పు, గుత్తొంకాయ, వంకాయ వేపుడు పక్కన వేసుకుని చూడండి, ఎంత బాగా కలుస్తుందో.

త్జాత్జీకి అందరికీ తెలిసిన వంటకం, ఎక్కువమంది చెడగొట్టేదీ అదే. చూడడానికి మన కీరదోస పెరుగు పచ్చడిలా ఉంటుంది గానీ, మన పచ్చడిలో నీరు ఉండవచ్చు, ఇందులో ఒక్క చుక్క ఉండకూడదు. అర కిలో స్త్రంగిస్తోకు 300 గ్రాముల కీరదోస ఒకటి తీసుకోండి. గింజలు తీసేసి పెద్ద కళ్ల కోరుతో కోరి, అర చెంచా ఉప్పు కలిపి జల్లెడలో అరగంట ఉంచండి. తర్వాత గుప్పెడు గుప్పెడుగా తీసి, ఇక రాదనిపించేదాకా పిండండి. పెరుగు మూటను పిండవద్దన్నాను, ఇక్కడ మాత్రం గుడ్డలో వేసి మెలితిప్పి మరీ పిండాలి. 300 గ్రాముల దోసకాయ చివరికి పిడికెడే అవుతుంది. అంతే కావాలి.

రెండు వెల్లుల్లి రెబ్బలను చిటికెడు ఉప్పుతో ముద్దగా నూరి, ఒక పెద్ద చెంచా వెనిగర్‌లో పది నిమిషాలు ఉంచండి. వెల్లుల్లి ఘాటు కాస్త మెత్తబడుతుంది. ఇప్పుడు పెరుగులో దోసకాయ, వెల్లుల్లి, సన్నగా తరిగిన సోయకూర గుప్పెడు కలిపి, మూడు పెద్ద చెంచాల ఆలివ్ నూనెను కొద్దికొద్దిగా పోస్తూ తిప్పండి. ఉప్పు చివర రుచి చూసి వేయండి, దోసకాయలో ఇప్పటికే కొంత ఉంది. రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి వడ్డించండి. రాత్రంతా ఉంచితే వెల్లుల్లి ఘాటు పెరుగుతుంది, అది ముందే లెక్కలో పెట్టుకోండి. తాలింపు వేయాలని చెయ్యి లాగుతుంది. ఈసారికి వద్దు, ఆలివ్ నూనె వాసనే దీనికి ప్రాణం.

వేడి వంటల్లో పెరుగు విరగడం అసలు చిక్కు. పులుపు ఉన్న కేసీన్ వేడి తగిలితే కుంచించుకుని లోపలి నీటిని వదిలేస్తుంది. దీనికి విరుగుడు మనకు తెలిసిందే. మజ్జిగ పులుసులో శనగపిండో బియ్యప్పిండో ఎందుకు కలుపుతామో, గ్రీకులు మైదాను, కోడిగుడ్డును అందుకే కలుపుతారు. 250 గ్రాముల పెరుగును ముందుగా ఫ్రిజ్ బయట పెట్టి చలి వదలనివ్వండి. అందులో ఒక పెద్ద చెంచా మైదా, ఒక గుడ్డు బాగా కలపండి. కూరలోని వేడి రసాన్ని ఒక్కొక్క గరిటె పోస్తూ మూడు గరిటెల దాకా తిప్పి, పెరుగు వెచ్చబడ్డాక కూరలో వేయండి. ఆ తర్వాత సెగ సన్నగానే ఉండాలి, తెర్లకూడదు. గొర్రె మాంసాన్ని వేయించి, ఇలా కలిపిన పెరుగును పైన పోసి ఓవెన్‌లో బంగారు రంగు వచ్చేదాకా కాల్చే ఎల్బసాన్ వంటకం ఈ పద్ధతి మీదే నిలబడింది. ఆ పేరు అల్బేనియాలోని ఊరిది. మన మటన్‌తో ఇది అద్భుతంగా వస్తుంది.

యావుర్తలూ కబాబులో చిక్కు ఇంత లేదు. కింద కాల్చిన పితా రొట్టె ముక్కలు, వాటి మీద టమాటా గుజ్జు, కబాబు, పైన పెరుగు. పెరుగును ఉడికించరు. ఆసియా మైనరు (నేటి టర్కీ ప్రాంతం) నుంచి వచ్చిన గ్రీకు శరణార్థుల వంటలతో దీన్ని ముడిపెట్టి చెబుతారు. 1923లో గ్రీసు, టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడి తర్వాత ఆ వంటలు గ్రీసు నగరాల్లో వేళ్లూనుకున్నాయి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం పేరులోనూ ఉంది, పెరుగుకు గ్రీకు పేరైన ‘యావుర్తి’ తుర్కీ మాట నుంచి వచ్చినదే. ఉత్తర గ్రీసులో పెరుగు, నీళ్లు, ఉప్పు కలిపి గిలకొట్టి తాగే అరియాని అచ్చం మన ఉప్పు మజ్జిగ. థెస్సలోనికి ఎండల్లో అది నన్ను బతికించింది.

యావుర్తోపితా అనే కేకుకు 200 గ్రాముల పెరుగు, 200 గ్రాముల చక్కెర, మూడు గుడ్లు, 120 మిల్లీలీటర్ల నూనె, 250 గ్రాముల మైదా, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడరు, పావు చెంచా వంటసోడా, ఒక నిమ్మకాయ తొక్క తురుము కావాలి. గుడ్లు, చక్కెర తెల్లబడేదాకా గిలకొట్టి, నూనె, పెరుగు కలిపి, చివర మైదా, బేకింగ్ పౌడరు, సోడా జల్లించి కలపండి. స్త్రంగిస్తో వాడితే పిండి బిగుసుకుంటుంది, దాచిన తేట మూడు నాలుగు చెంచాలు పోసి పలుచన చేయండి. 170 డిగ్రీల ఓవెన్‌లో 45 నిమిషాలు.

తీపి తినాలనిపిస్తే పెరుగు మీద అక్రోట్ పప్పులు, తేనె చాలు. అక్కడ వాములా ఘాటైన థైమ్ మొక్క పూల తేనె వాడతారు. మనకు అడవి తేనె దానికి దగ్గరగా ఉంటుంది.

ఇక త్రహనాస్. వేసవి చివర పాలు, పెరుగు సమృద్ధిగా ఉన్న రోజుల్లో పులిసిన పెరుగులోనో పాలలోనో గోధుమ రవ్వ వేసి ఉడికించి, ముద్దలుగా గుడ్డ మీద పరిచి, చేత్తో నలుపుతూ ఎండలో ఆరబెడతారు. మన వడియాల లాగే ఇది మొత్తం ఆగస్టు ఎండ మీద ఆధారపడిన పని. బాగా ఆరితే చలికాలం అంతా నిలుస్తుంది. ఒక గిన్నెడు త్రహనాస్‌ను ఐదు గిన్నెల నీళ్లలో సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు ఉడికించి, కాస్త ఆలివ్ నూనె, మిరియాల పొడి, నలిపిన ఫెటా చీజు వేస్తే చిక్కటి పుల్లటి గంజి తయారు. మన ఏప్రిల్ ఎండకు గోధుమ రవ్వతో మూడు రోజుల్లో ఆరిపోయింది. ఉప్పు ముందే వేసుకోవాలి, రాత్రిపూట లోపల పెట్టాలి, పొద్దున్నే చేత్తో మరోసారి నలిపి మళ్లీ పరచాలి.